పప్పుకట్టుతో పొట్ట నిండుతుంది, బలం?

పసిపిల్లల కోసం మన దేశంలో అమ్మే నెస్లే కంపెనీ డబ్బా ఆహారం సెరెలాక్‌లో చక్కెర కలుపుతున్నారని, యూరప్‌లో మాత్రం అదే కంపెనీ చక్కెర లేకుండా అమ్ముతోందని 2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్ సంస్థ పబ్లిక్ ఐ బయటపెట్టింది. జనానికి కోపం రావడం న్యాయమే. అయితే ఆ తర్వాత చర్చంతా డబ్బానా, ఇంటి ఉగ్గా అన్న దగ్గరే ఆగిపోయింది. బిడ్డ గిన్నెలో ఎంత ఉంది, ఎంత చిక్కగా ఉంది అని ఎవరూ అడగలేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం, 6-8 నెలల పిల్లల్లో తల్లిపాలతో పాటు తిండి కూడా అందుతున్నది 45.9 శాతానికే. 6 నుంచి 23 నెలల పిల్లల్లో తగినంత ఆహారం అందుతున్నది 11.3 శాతానికి. ఇక ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. ఇంతమంది పిల్లల సమస్య డబ్బాలతో వచ్చింది కాదు, డబ్బాలు మానేస్తే పోయేదీ కాదు.

అన్నప్రాశన ఘనంగానే చేస్తాం. మర్నాటి నుంచి పెట్టేది మాత్రం పప్పుకట్టు, చారన్నం పిసికి వడకట్టిన నీళ్లు, పల్చటి జావ. గట్టిగా పెడితే అరగదని పెద్దవాళ్ల భయం. ఏడు కిలోల బిడ్డ పొట్టలో ఒక పూటకు పట్టేది సుమారు 200 మిల్లీలీటర్లు. అందులో ముప్పావు వంతు నీళ్లే పోస్తే ఆకలి తీరినట్టు అనిపిస్తుంది గానీ బరువు పెరగదు. ఆరో నెల దాటాక తల్లిపాలు కాక బయటి తిండి నుంచి రోజుకు 200 కేలరీలు, తొమ్మిదో నెల దాటాక 300 కేలరీలు రావాలి. స్పూను వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా మెదిపి, చెంచా నెయ్యి వేస్తే అంత తేలిగ్గానే వస్తుంది. పళ్లు రాకపోయినా మెత్తగా మెదిపింది చిగుళ్లతోనే నమిలేస్తారు.

రక్తహీనత రాకుండా కావాల్సిన ఐరన్ సంగతి ఇంకా తీవ్రం. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి తెచ్చుకున్న నిల్వ ఆరో నెలకు అడుగంటుతుంది, తల్లిపాలలో ఐరన్ తక్కువ. గేదె పాలు పోస్తే లోటు ఇంకా పెరుగుతుంది. బియ్యం, పెసరపప్పు ఉగ్గు ఒక్కటీ దీన్ని పూడ్చలేదు. గుడ్డు, మెత్తగా ఉడికించిన మాంసం ఏడాదిలోపే మొదలుపెట్టవచ్చు. వేడి చేస్తుందని ఆపేవాళ్లే ఎక్కువ. (తేనె మాత్రం ఏడాది వరకు నాకించకూడదు, అది మాత్రం నాకిస్తాం!)

అంగన్‌వాడీల్లో పిల్లలకు ఇచ్చే బాలామృతం పిండిలోనూ చక్కెర ఉంది. కంపెనీని తిట్టినవాళ్లం ప్రభుత్వాన్నీ అడగాలి. అయినా ఆ ప్యాకెట్ బిడ్డ నోటికి చేరడమే కష్టం, లడ్డూలై ఇంటిల్లిపాదీ పంచుకుంటారు.

అసలు లోపం ఇంకోచోట ఉంది. ప్రభుత్వ టీకాల పట్టికలో 14వ వారం తర్వాత మళ్లీ రావాల్సింది తొమ్మిదో నెలకే. తిండి మొదలయ్యే ఆరో నెల ఆ మధ్యలో పడిపోయింది. అప్పుడు ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లాలని 2018 నుంచి కార్యక్రమం ఉంది. ఆమె వెళ్లినప్పుడు రిజిస్టరు నింపి వచ్చేయకుండా, ఆ పూట బిడ్డకు పెడుతున్న గిన్నె తెప్పించి చూసేలా శిక్షణ ఇస్తే చాలు. అందుకు కొత్త పథకం, కొత్త పేరు అక్కర్లేదు.