వైర్ ముందా, కరెంటు ముందా?

వారం రోజులుగా విశాఖలోని మా ఎంవీపీ కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: వైర్ అనే మాట కరెంటుతో పాటే పుట్టిందట. ముట్టుకుంటే ప్రాణం తీస్తుంది కాబట్టి మన ‘వైరం’ నుంచి తెల్లవాళ్ళు ఆ పేరు తీసుకున్నారట. తెలుగులో దానికి మాటే లేదట, ‘తీగ’ అంటే పాకే పాదేనట, అనువాదకులు దాన్ని వైరుకు అంటగట్టారట. ఇప్పుడంతా వైర్‌లెస్ కాబట్టి ఆ మాటకు ఇక పని లేదట. పిల్లలకు కూడా ఇదే చెబుతున్నారని తెలిసి రాయక తప్పలేదు.

ముందు వైరం సంగతి. పాత ఇంగ్లీషులో ఈ మాటను ‘వీర్’ అనేవారు. వెయ్యేళ్ళు దాటిన మాట. దారంలా సాగదీసిన లోహం అని అర్థం. మూలధాతువుకు మెలితిప్పడం, అల్లడం అనే అర్థాలున్నాయి. లాటిన్‌లో అల్లడాన్ని ‘వియేరే’ అంటారు, అది దీని చుట్టమే. తర్వాతి శతాబ్దాల్లో ఇంగ్లీషులో ‘ఈ’ అనే దీర్ఘం ‘ఐ’గా మారింది. పాత ఇంగ్లీషు ‘టీమ’ టైమ్ అయినట్టే వీర్ వైర్ అయింది. మన వైరం పుట్టింది వీర శబ్దం నుంచి. ఆ ‘వీర’కు ఇంగ్లీషులో అసలు బంధువు వేర్‌ఉల్ఫ్ (తోడేలుగా మారే మనిషి) అనే మాటలోని ‘వేర్’, అంటే మగవాడు. వైర్‌కూ వైరానికీ పోలిక చెవికే తప్ప పుట్టుకలో లేదు.

తెలుగులో మాట లేదనడం మాత్రం నాకు నిజంగా బాధ కలిగించింది. కిందటేడు నల్లపూసలు తెగిపోతే కురుపాం మార్కెట్ సందులో ఒక కంసాలి దగ్గర కూర్చున్నాను. ఆయన ముందు బోలెడు బెజ్జాలున్న ఉక్కు పలక ఉంది. దాన్ని కమ్మచ్చు అంటారు. బంగారు కడ్డీ కొస సన్నగా అరగదీసి, పెద్ద బెజ్జంలో దూర్చి, అవతలి నుంచి పట్టకారుతో లాగాడు. మళ్ళీ కాల్చి, దాని కన్నా చిన్న బెజ్జం. మళ్ళీ ఇంకా చిన్నది. “వైరు బాగా సన్నగా వస్తోందండీ” అన్నాను. “వైరు కాదమ్మా, తీగ. ఇంకో నాలుగు బెజ్జాలు దాటాల” అన్నాడు. కరెంటుతో ఆ పనికి సంబంధమే లేదు. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులో తీగకు పాదు, లోహపు తీగ, వీణ తీగ అనే అర్థాలున్నాయి. ఎడిసన్ బల్బు 1879 నాటిది. ఇక అంటగట్టిందెవరు?

తంతి కూడా మన దగ్గర ఉన్నదే. సంస్కృతంలో తంతువు అంటే దారం, తంత్రి అంటే వీణ తీగ. టెలిగ్రాఫ్ వచ్చాక ఆ తంతినే వాడుకున్నాం. 2013 జూలైలో ఆ సేవ ఆగిపోయే దాకా “తంతి వచ్చింది” అంటే ఇల్లంతా టెన్షనే.

వైర్ అంటే కరెంటుదే అని విశాఖలో ఉండి ఎలా అనగలరు? ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు వల లాగేది వైర్ రోప్. స్టీల్ ప్లాంట్‌లో వైర్ రాడ్ మిల్లు ఉంది. ఎర్రగా కాలిన ఉక్కును వేలి కన్నా సన్నగా చేసి చుట్టలు చుడతారు. మేకులు, ముళ్ళకంచె తీగ ఇలాంటి చుట్టల నుంచే తయారవుతాయి.

చివరిది, మాటకు పని లేదన్నది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో స్తంభాలు పడి వైర్లు రోడ్డు నిండా పరుచుకున్నాయి. ఆ తర్వాతే నగరంలో కరెంటు లైన్లను భూమిలోకి దించడం మొదలైంది. కళ్ళకు కనబడకపోతే లేనట్టు కాదు. భూమిలో వేసే ఆ కేబుల్ ముక్క ఒకటి మా గేటు దగ్గర మిగిలిపోతే పై తొడుగు కోసి చూశాను. లోపల ఒకదాని చుట్టూ ఒకటి పేనిన అల్యూమినియం తీగలు.