ఆపరేషన్ టేబుల్ మీదికి చేరితే అందరూ ఒకటే, చేరనిస్తే కదా

అమెరికాలో గుండె కవాటం మార్పిడిలో జాతి వివక్ష మాటెత్తగానే "ఫలితాలు అందరికీ దాదాపు ఒకటే కదా" అనేవాళ్ళుంటారు. నిజమే, మార్పిడి జరిగినవాళ్ళను మాత్రమే లెక్కేస్తే. జరగనివాళ్ళ సంగతేంటి?

టీఏవీఆర్ అంటే ఛాతీ కోయకుండా, ఎక్కువగా తొడ ధమని గుండా కొత్త బృహద్ధమని కవాటాన్ని అమర్చడం. అక్కడ దీనికి 2011లో అనుమతి వచ్చింది. 2016 దాకా జాతీయ రిజిస్ట్రీకెక్కిన సుమారు 70 వేల మందిలో 91 శాతం తెల్లవాళ్ళే. నల్లజాతివాళ్ళు 4 శాతం కూడా లేరు. ఆసియావాళ్ళు, నేటివ్ అమెరికన్లు అందరూ కలిపి ఒకటిన్నర శాతం.

బృహద్ధమని కవాటం బిగుసుకుపోయే ఈ జబ్బు (అయోర్టిక్ స్టెనోసిస్) నల్లజాతివాళ్ళకు కాస్త తక్కువగా వస్తుందని కొన్ని పరిశోధనలు చెప్తాయి. సరే. కానీ కవాటం బాగా బిగుసుకుపోయిందని ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్‌లో) తేలినవాళ్ళనే విడిగా తీసి చూసినా వాళ్ళకు మార్పిడి తక్కువగానే జరుగుతోంది. దీనికేం చెప్తారు?

అసలు జారిపోయేది ఎకో గదిలోనే. కవాటం వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు లోపు, కవాటానికి అటూ ఇటూ సగటు పీడన తేడా 40 ఎంఎం హెచ్‌జీ పైన, దానిగుండా రక్తం వేగం సెకనుకు 4 మీటర్లు పైన ఉంటే జబ్బు తీవ్రమన్నట్టు. అయితే ఏళ్ళ తరబడి బీపీ ఉన్న గుండె గోడలు మందమెక్కి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ తక్కువ రక్తం తోస్తాయి. అప్పుడు వైశాల్యం 0.8 ఉన్నా పీడన తేడా 30 దాటదు. ఆ ఒక్క అంకె చూసి రిపోర్టులో "మధ్యస్థం" అని రాసేస్తారు. నల్లజాతి అమెరికన్లలో బీపీ ఎంత ఎక్కువో అందరికీ తెలిసిందే. అలాంటప్పుడు బీపీ తగ్గించి ఎకో మళ్ళీ తీయాలి, సీటీ స్కాన్‌లో కాల్షియం స్కోరు, అంటే కవాటం మీద ఎంత కాల్షియం పేరుకుందో చూడాలి. మగవాళ్ళకు 2000, ఆడవాళ్ళకు 1200 దాటితే తీవ్రమైన జబ్బు ఉన్నట్టే అనుకోవాలి. ఈ రెండో అడుగు వేయకపోవడమే నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది.

ఆ తర్వాతిది దూరం. ఆసుపత్రి ఏడాదికి ఇన్ని కవాటాలు మార్చాలన్న మెడికేర్ (వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) నిబంధన భద్రత కోసమే పెట్టారు, కాదనను. కానీ అంత సంఖ్య చేసేవి పెద్ద ఆసుపత్రులే. పేద పేటల్లో చిన్న క్లినిక్కుకు వెళ్ళే మనిషిని అక్కడికి పంపే డాక్టరు ఉండాలిగా! పెద్ద నగరాల్లో కూడా నల్లజాతివాళ్ళు, హిస్పానిక్‌లు ఎక్కువున్న పిన్‌కోడ్లలో టీఏవీఆర్ రేటు తక్కువని తేలింది.

"వాళ్ళే వద్దంటారు" అనేది తేలికైన మాట. అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా నల్లజాతి మగవాళ్ళకు సిఫిలిస్ వైద్యం అందకుండా చేసి గమనిస్తూ కూర్చున్నది ప్రభుత్వ ఆరోగ్యశాఖే. నమ్మకం అడిగే ముందు ఇది గుర్తుంచుకోవాలి. ఆలస్యానికి ధర కూడా చిన్నదేం కాదు. ఛాతీ కోసి ఆపరేషన్ చేయడానికి వీల్లేదన్న రోగుల మీద జరిగిన పార్ట్‌నర్ ట్రయల్‌లో, కవాటం మార్చనివాళ్ళలో సగం మంది ఏడాదిలోనే పోయారు. మార్చినవాళ్ళలో 31 శాతం.

పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న మన అమ్మానాన్నలకూ ఇదే గండం. "నాలుగు మెట్లెక్కితే ఆయాసం" అని అమ్మ అంటే కొడుకు ఇంగ్లీషులో "కాస్త అలసట" అని చెప్పేస్తాడు. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలి, తెలుగు దుబాసీ కావాలని అపాయింట్‌మెంట్ రోజే చెప్పండి. ఎకో అయ్యాక వైశాల్యం, సగటు పీడన తేడా, వేగం, ఎకో సమయానికి బీపీ ఎంతుందో అడిగి రాసుకోండి. వైశాల్యం 1 లోపు, పీడన తేడా 40 లోపు ఉంటే కాల్షియం స్కోరు ఎందుకు చూడలేదని అడగండి.