పొయ్యి మీద సీబీడీ నూనె తీయమనే ఆ మెసేజ్ గురించి

"కంపెనీలు దాచిన రహస్యం: ఇంట్లోనే సీబీడీ నూనె" అనే ఐదు పాయింట్ల మెసేజ్ ఈ వారంలో నాకు ఐదుగురు పంపారు. సీబీడీ అంటే గంజాయి జాతి మొక్కలో ఉండే, మత్తు ఇవ్వని ఒక పదార్థం. అందరూ నా మంచి కోరేవాళ్లే. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ఒకటో పాయింట్: హెంప్ (మత్తు పదార్థం చాలా తక్కువగా ఉండే గంజాయి రకం) గింజలు గానుగ ఆడిస్తే సీబీడీ వస్తుందట. రాదు. వచ్చేది వంటకు పనికొచ్చే గింజల నూనె. సీబీడీ ఉండేది ఆడమొక్క పూల మీది జిగురు గ్రంథుల్లో.

రెండోది: కంపెనీలు కార్బన్ డయాక్సైడ్ అనే "విషవాయువు" కలుపుతాయట. సోడాలో బుడగలు ఏమిటి మరి? కంపెనీలు దాన్ని వాడేది సారం తీయడానికి. 31 డిగ్రీలు, 74 బార్ల ఒత్తిడి దాటితే అది వాయువులా పూల సందుల్లోకి దూరి, ద్రవంలా సారాన్ని కరిగించుకుంటుంది. ఒత్తిడి తగ్గించగానే సారాన్ని వదిలేసి వెళ్లిపోతుంది.

మూడోది చదివితే నాకు వణుకు వచ్చింది. పూలను స్పిరిట్‌లో నానబెట్టి, వడకట్టి, పొయ్యి మీద సన్నసెగన చిక్కబెట్టాలట! స్పిరిట్‌లో ఉండే ఇథనాల్ అనే ఆల్కహాల్ గది వేడికే అంటుకునేంత ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు. నేలబారుగా పాకుతుంది, ఎక్కడో ఒక స్విచ్ దగ్గర నిప్పురవ్వ చాలు. ఇక్కడ దాని కిందే మంట పెట్టమంటున్నారు. "కిటికీ తెరిచి ఉంచండి" అని జాగ్రత్త కూడా చెప్పారు. కిటికీ తెరిస్తే పొయ్యి ఆరిపోతుందా? ఫ్యాక్టరీల్లోనూ ఇథనాల్ వాడతారు. కానీ అక్కడ మంట ఉండదు. మూసిన పాత్రలో గాలి లాగేసి, తక్కువ వేడికే ఆవిరి చేసి, చల్లబరిచి మళ్లీ పట్టుకుంటారు. పైగా ఏ స్పిరిటో మెసేజ్‌లో లేనే లేదు. మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసినదైతే చూపు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు.

ఆ కింద ఇంకో లైన్: మూర్ఛ వచ్చే పిల్లలకు రోజూ ఒక చెంచా పట్టమని. మూర్ఛకు సీబీడీ మందు నిజంగానే ఉంది. ఎపిడియోలెక్స్‌ను 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించింది, అదీ కొన్ని అరుదైన మూర్ఛలకే. పిల్లల బరువును బట్టి మిల్లీగ్రాముల లెక్కన, లివర్ పరీక్షలు చేయిస్తూ ఇస్తారు. గిన్నె అడుగున మిగిలిన జిగురులో చెంచాకు ఎన్ని మిల్లీగ్రాములో ఎవరు చెప్తారు? వాడుతున్న మందులు మాన్పించి ఇది పట్టే తల్లి ఒక్కరున్నా, ఆ పాపం ఎవరిది?

నాలుగోది: హెంప్ కాబట్టి మత్తు ఉండదట. లెక్క చూడండి. పూలలో సీబీడీ 6 శాతం, మత్తు ఇచ్చే టీహెచ్‌సీ 0.3 శాతం అనుకుందాం. సీబీడీని 60 శాతానికి చిక్కబరిస్తే టీహెచ్‌సీ కూడా దాదాపు 3 శాతానికి చేరుతుంది. పురుగుమందులుంటే అవీ చిక్కబడతాయి.

ఐదోది, "సీసా మీద రాసింది నమ్మకండి" అన్న మాట. దీన్ని మాత్రం ఒప్పుకుంటాను. ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తులను పరీక్షిస్తే, సీబీడీ మోతాదు లేబుల్‌తో సరిపోయినవి 26 మాత్రమేనని 2017లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ కోపం న్యాయమైనదే. దానికి మార్గం బ్యాచ్‌వారీగా బయటి ల్యాబ్ రిపోర్ట్ అడగడం, పొయ్యి వెలిగించడం కాదు.

నాకు ఇది పంపిన ఐదుగురికీ ఒకటే మనవి. ఇంకెవరికి పంపారో వాళ్లకు ఇవాళే ఫోన్ చేసి, మూడో పాయింట్ మాత్రం చేయొద్దని చెప్పండి.