పాత క్యాసెట్‌కు కొత్త డబ్బాలో చోటెందుకు?

పాత గేములు కొత్త కన్సోల్‌లో, అంటే టీవీకి తగిలించే గేమ్ డబ్బాలో, నడవాలని అడిగేవాళ్లను చూస్తే నాకు మంట. హన్మకొండ చౌరస్తాలో పాత ఏపీ 36 నంబరు బండి ఇప్పటికీ టీఎస్ 03, టీజీ 03 బండ్ల పక్కనుంచి దర్జాగా పోతోంది కదా, ఎవరూ ఆపరు కదా, అందుకని జనం దీన్ని కూడా జన్మహక్కు అనుకుంటున్నారు.

ఈ జబ్బు జపాన్ గేమ్ కంపెనీ సెగా 1988లోనే తెచ్చింది. తన కొత్త కన్సోల్ మెగా డ్రైవ్‌లో కొత్త ప్రాసెసర్ పెట్టి కూడా, పాత కన్సోల్ మాస్టర్ సిస్టమ్‌లోని జెడ్80 చిప్‌ను సౌండ్ పనికి ఉంచుకుంది. అడాప్టర్ తగిలిస్తే పాత గేములూ నడిచేవి. 2000లో సోనీ ఇంకా బరితెగించి, మొదటి ప్లేస్టేషన్ ప్రాసెసర్‌నే ప్లేస్టేషన్ 2 (పీఎస్2) లోపల కూర్చోబెట్టింది. కొత్త గేము నడుస్తుంటే కంట్రోలర్లు, మెమరీ కార్డుల సంగతి అది చూసుకునేది, పాత డిస్క్ వేశామా, మళ్లీ పెత్తనమంతా దానిదే!

అదృష్టం కొద్దీ సోనీకి తొందరగానే జ్ఞానోదయమైంది. 2006లో మొదట వచ్చిన పీఎస్3లో పీఎస్2 ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ ఉన్నాయి. 2007లో యూరప్‌కు పంపినదాంట్లో ప్రాసెసర్ తీసేసి ఆ పని సాఫ్ట్‌వేర్ నెత్తిన వేశారు. అదే ఏడాది 40 జీబీ మోడల్‌లో రెండో చిప్ కూడా ఎగిరిపోయింది, పీఎస్2 గేములూ పోయాయి. ధర తగ్గించడానికట, పాపం. తర్వాత వాటిలో కొన్నింటిని ఆన్‌లైన్ స్టోర్లో మళ్లీ అమ్మారు. కొన్న వస్తువునే మళ్లీ కొనిపించడాన్ని అభివృద్ధి అనకపోతే ఇంకేమనాలి? నింటెండో కూడా తన ‘వీ’ (Wii) కన్సోల్‌లో పాత గేమ్‌క్యూబ్ కన్సోల్ డిస్కులు ఆడనిచ్చి, 2011 మోడల్ నుంచి మానేసింది. మంచి పని.

అసలు దేశద్రోహి మన టీవీ గేమ్. దీనికి మూలమైన 1983 నాటి ఫామికామ్ కన్సోల్ తయారీని నింటెండోయే 2003లో ఆపేసింది. అయినా ఆ మిషన్ మొత్తాన్ని ఒక్క చిప్‌లోకి దించి, అదే 60 పిన్నుల స్లాట్ పెట్టి, పేరులేని కంపెనీలు డబ్బాలు వదులుతూనే ఉన్నాయి. క్యాసెట్ మీద 9999 గేములని ఉంటుంది, లోపల ఉన్న నాలుగైదే పేర్లు మార్చుకుని తిరుగుతుంటాయి. చిన్నప్పటి క్యాసెట్ ఉఫ్ అని ఊది పెడితే ఇప్పటికీ నడుస్తుంది. ఎవడి అనుమతితో?

ప్రభుత్వం వెంటనే వీటిని సీజ్ చేయాలి. ముందు మా బామ్మర్ది ఇంట్లోది. ఇద్దరం కలిసి ఆడే కాంట్రా గేములో జలపాతం దగ్గరికి రాగానే నన్ను కిందే వదిలేసి వాడు పైకి ఎగురుతాడు, స్క్రీన్ వాడి వెంట పోతుంది, నా లైఫ్ పోతుంది.