కొవ్వు గడ్డేలే అనుకునే ముందు ఒక్క సూది గుచ్చి చూడండి

కుక్కను నిమురుతుంటే చర్మం కింద చేతికి ఓ గడ్డ తగులుతుంది. మెత్తగా ఉంది, నొక్కినా నొప్పి లేదు, తిండి మామూలుగానే తింటోంది, కాబట్టి కొవ్వు గడ్డేలే అని వదిలేస్తాం. చాలాసార్లు అది నిజంగానే లైపోమా, అంటే ఉత్త కొవ్వు గడ్డే అవుతుంది. చిక్కంతా అక్కడే, ఎందుకంటే మాస్ట్ సెల్ ట్యూమర్, అంటే అలర్జీలో పాలుపంచుకునే మాస్ట్ సెల్స్ అనే కణాలకు వచ్చే క్యాన్సర్ కూడా చేతికి అచ్చం అలాగే తగలొచ్చు, కండ, కొవ్వు లాంటి వాటిలో పుట్టే సార్కోమా అనే క్యాన్సర్ కూడా అంతే. ఎంత అనుభవమున్న డాక్టరైనా వేళ్లతో నొక్కి తేల్చేది కాదిది.

తేల్చేది సూది. ఇంజెక్షన్లకు వాడే సన్నటి సూదినే గడ్డలోకి గుచ్చి, కాసిన్ని కణాలు లాగి, గాజు పలక మీద పరిచి మైక్రోస్కోప్ కింద చూస్తారు. మామూలుగా మత్తు కూడా అక్కర్లేదు, నిమిషాల్లో అయిపోతుంది. బఠాణీ గింజంత గడ్డ నెల దాటినా పోకపోతే ఈ పరీక్ష చేయించాల్సిందే. "పెరిగితే అప్పుడు చూద్దాం" అనే మాట వింటే నాకు భయమేస్తుంది.

సూదికీ ఓ హద్దుంది. మాస్ట్ సెల్స్ తేలిగ్గానే వచ్చేస్తాయి గానీ సార్కోమా కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, అంత సులువుగా ఊడి రావు. అందుకే రిపోర్టులో ఏమీ కనబడలేదంటే ఏమీ లేదని కాదు. గడ్డ గట్టిగా ఉండి పెరుగుతుంటే, కాస్త లావుపాటి సూదితో చిన్న కండ ముక్క తీసే ట్రూకట్ బయాప్సీకి వెళ్లాలి. ఆ సూది దిగిన దారిని కూడా తర్వాత ఆపరేషన్‌లో గడ్డతో పాటే తీసేయాల్సి ఉంటుంది కాబట్టి, ఎక్కడ గుచ్చాలన్నది ముందే ఆలోచించుకోవాలి.

చికిత్స దగ్గరికొచ్చేసరికి మాత్రం చిన్న కోత మీద మోజు ప్రమాదమే అంటాను. సార్కోమా చుట్టూ ఓ పొర ఉన్నట్టు కనిపిస్తుంది, కోస్తే పండులోంచి గింజలా గడ్డ ఊడొచ్చేస్తుంది, అందరికీ హమ్మయ్య అనిపిస్తుంది. కానీ ఆ పొరలోనూ క్యాన్సర్ కణాలే ఉంటాయి, వేళ్లలా పక్కకి పాకి ఉంటాయి. కొన్నాళ్లకు గడ్డ మళ్లీ లేస్తుంది, ఈసారి తీయడం ఇంకా కష్టం. అందుకే వీలైన చోటల్లా చుట్టూ 2-3 సెంటీమీటర్ల మంచి కండతో సహా, అడుగున ఒక పొర లోతు వరకూ తీస్తారు. అన్నిటికన్నా మంచి అవకాశం మొదటి ఆపరేషనే. కాలి మీద అంత చర్మం దొరకదు, అప్పుడు మిగిలిన కణాలకు రేడియేషనో, మందిచ్చి కరెంటు పల్స్‌లు పెట్టే ఎలక్ట్రోకీమోథెరపీయో ఆసరా.

అసలు కత్తే అక్కర్లేని దారీ ఒకటుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ అడవుల్లో పెరిగే ఒక చెట్టు గింజల నుంచి తీసిన టిగిలనాల్ టిగ్లేట్ అనే మందుకు 2020లో యూరప్‌లోనూ అమెరికాలోనూ అనుమతి వచ్చింది. ఒక్క ఇంజెక్షన్‌తో 28 రోజుల్లో 75 శాతం కుక్కల్లో గడ్డ పూర్తిగా మాయమైంది, తర్వాత అక్కడ పెద్ద పుండే పడుతుంది గానీ చాలావరకు దానంతటదే మానుతుంది. అయితే ఈ అనుమతి ఇంకెక్కడికీ పాకని మాస్ట్ సెల్ ట్యూమర్లకే, సార్కోమాకు కాదు. పైగా ఆ మాస్ట్ సెల్స్ చచ్చేటప్పుడు హిస్టమిన్ అనే, అలర్జీలోలా వాపు తెచ్చే రసాయనం వదులుతాయి కాబట్టి ఇంజెక్షన్‌కు రెండు రోజుల ముందే స్టెరాయిడ్ మొదలుపెట్టాలి. అంటే లోపలున్నవి మాస్ట్ సెల్సేనని అప్పటికే ఆ సన్న సూది చెప్పి ఉండాలి.