మూడో ముడి, 29 నిమిషాల 59 సెకన్లు

పంచాంగకర్తలకు ఒక మనవి. రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం వేస్తున్నారు, సంతోషం. వాటి పక్కనే కెమెరా కాలం అని ఇంకో గడి కూడా కొట్టండి. అది లేకుండా మా విజయనగరంలో ఇకమీదట పెళ్లి చేయడం కుదిరేలా లేదు.

మొన్న మా మేనల్లుడి పెళ్లికి వీడియో కుర్రాడు మిర్రర్‌లెస్ కెమెరా తెచ్చాడు. పాత తరహా డీఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్స్ వెనకాల ఉండే అద్దం ఇందులో ఉండదని, వెలుగు నేరుగా బొమ్మను పట్టే సెన్సర్ మీదే పడుతుందని, అందుకే బాడీ చిన్నదని చెప్పి, చివర్లో ధర లక్షా చిల్లర అన్నాడు. మా అమ్మ అంతా విని, "అద్దమే లేనప్పుడు అంత రేటేటి నాయనా?" అంది. 2008లో లూమిక్స్ జీ1తో ఈ రకం కెమెరాలు మొదలుపెట్టిన పానసోనిక్ వాళ్లయినా దీనికి ఏం చెబుతారు చెప్పండి.

ఆ కంపెనీదే 2014లో వచ్చిన జీహెచ్4 కెమెరా అయితే 4కే అనే మహా స్పష్టమైన వీడియో కూడా నేరుగా కార్డులోకే ఎక్కించేసింది. అసలు ఫోటో కెమెరా వీడియో తీస్తుంటే కస్టమ్స్ వాళ్లు ఊరుకుంటారా? యూరప్‌లో అప్పట్లో ఏకబిగిన 30 నిమిషాలు తీయగలిగితే అది వీడియో కెమెరా కింద లెక్క, సుంకం వేరేగా ఉండేది. దాంతో చాలా కంపెనీలు 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగ్ దానంతటదే ఆగిపోయేలా పెట్టాయి. ఇప్పటి మోడళ్లలో చాలావాటికి ఆ హద్దు లేదు, కానీ మా కుర్రాడు కొన్నది సెకండ్‌హ్యాండ్. ఎక్కడో యూరప్‌లో మిగిల్చిన ఆ ఒక్క సెకను సముద్రాలు దాటి వచ్చి గంటస్తంభం దగ్గర మా కల్యాణమండపంలో పడింది.

కన్యాదానం దగ్గర బటన్ నొక్కాడు. 4కే తీస్తే వేడెక్కుతుందట, అందుకని ముసలాళ్ల వైపున్న పెడస్టల్ ఫ్యాన్‌ని కెమెరా వైపు తిప్పారు, హోమం ముందు పెళ్లికొడుకు చెమటలు కక్కుతుంటే కెమెరాకి చల్లగాలి. జీలకర్ర బెల్లం పడింది. తాళి ఎత్తారు, అక్షింతలు లేచాయి, ఒకటో ముడి, రెండో ముడి, తెర మీద ఎర్ర చుక్క మాయం.

"పంతులుగారూ, మూడోది మళ్లీ ఒకసారి వేయిస్తారా?"

పంతులుగారు చూసిన చూపు మాత్రం ఎవరూ తీయలేదు. మన పైడితల్లి జాతరలో పూజారి కూర్చుని ఊరేగే సిరిమాను కోట దగ్గరకొచ్చినప్పుడు ఎవడైనా ఆయన్ని వన్స్‌మోర్ అంటాడా? పెళ్లంటే మాత్రం అందరికీ లోకువే.

ప్రస్తుతం మా వాడు రికార్డు ప్రకారం మూడింట రెండు వంతులు పెళ్లైనవాడు. మూడో ముడి కోసం బంధువుల ఫోన్లన్నీ గాలించాం. ఎట్టకేలకు ఎదురింటి పిన్నిగారి ఫోన్‌లో దొరికింది, నిలువుగా, ఫ్రేమంతా కెమెరా కుర్రాడి వీపే.