మూడు నెలల వీడియోలతో థెరపీ సహాయకులు తయారు కారు

ఇంటర్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం తల్లిదండ్రుల వాట్సాప్ బృందాల్లో ఒక సందేశం తిరుగుతోంది. సారాంశం ఇది: ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్ అంటే రోగులను బొమ్మలతో ఆడించే తేలిక పని, ఇంట్లో మూడు నెలలు వీడియోలు చూస్తే చాలు, ఆసుపత్రుల్లో చేయించే ఫీల్డ్‌వర్క్ జీతం లేని చాకిరీ, మానసిక ఆరోగ్య పాఠాలు పిచ్చాసుపత్రిలో పనిచేసేవారికే, ఈ వీడియో కోర్సు కాగానే అమెరికాలో ఉద్యోగం. చేరడానికి కింద ఒక ఫోను నంబరు. మా పక్కింటాయన దీన్ని చూపించి, అమ్మాయికి ఫీజు కట్టమంటారా అని అడిగారు. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టును. వద్దన్నాను. కారణాలు ఇవి.

మొదటిది, ‘ఆడించే పని’. ఇక్కడ ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం కాదు. అన్నం కలిపి ముద్ద నోటి దాకా తీసుకెళ్లడం, చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం, బడిపిల్లవాడు పెన్సిల్ పట్టుకోవడం వంటి రోజువారీ పనులన్నీ అందులోకి వస్తాయి. థెరపిస్టు పరీక్షించి ప్రణాళిక వేస్తారు. సహాయకులు ఆ పర్యవేక్షణలో పని చేయించి, గమనించినది తిరిగి చెబుతారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో పిల్లవాడి చేతికిచ్చే బొమ్మకు కూడా ఏ వేళ్లు కదలాలి, ఎంతసేపు కుదురుగా కూర్చోవాలి అన్న లెక్క ఉంటుంది.

ఇక ఫీల్డ్‌వర్క్ చాకిరీ అన్న మాట. శిక్షణకు వచ్చినవారి చేత ఫైళ్లు మోయించి పంపేసే చోట్లు ఉన్నాయి, కాదనను. అక్కడ అడగాల్సింది సరైన పర్యవేక్షణ కావాలని. శిక్షణే వద్దని కాదు.

పొందూరులో ఒక పెద్దావిడకు పక్షవాతం వచ్చి కుడిచేయి సగం పడిపోయింది. జీవితమంతా నూలు వడికిన మనిషి. నా దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయి మొదటి వారం పాఠంలో ఉన్నట్టే ఆవిడ చేత ప్లాస్టిక్ గిన్నెలు పేర్పించింది. అయిదో రోజు ఆవిడ “నేనేమైనా చంటిపిల్లనా?” అని గోడవైపు తిరిగి పడుకున్నారు. అమ్మాయి నొచ్చుకోకుండా ఇల్లంతా పరికించింది. మూలన గుడ్డ కప్పిన రాట్నం, పక్కన కొన్ని ఏకులు, వాలుగ చేప దవడ. పొందూరు పత్తిని ఏకేది ఆ దవడ పళ్లతోనే. మర్నాడు రాట్నం ఆవిడ ముందుకు వచ్చింది. ఏకు పట్టే ఎడమచేయి బాగానే ఉంది. చక్రం తిప్పాల్సింది కుడిచేయి. పిడికి గుడ్డ చుట్టి లావు చేసి, ఆవిడ వేళ్లపై తన వేళ్లు ఉంచి అమ్మాయి మెల్లగా తిప్పించింది. బెత్తెడు దారం సాగి తెగిపోయింది. ఎవరూ చెప్పకుండానే ఆవిడ తెగిన కొసను మళ్లీ కదురుకు అందించారు.

ఆ ఇంటికి వెళ్లకపోతే రాట్నం సంగతి ఆ అమ్మాయికి తెలిసేదే కాదు. అందుకే అమెరికాలో ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే ఏకోట్ సంస్థ, సహాయకులకు చివరి దశ ఫీల్డ్‌వర్క్ పూర్తికాలం లెక్కన కనీసం 16 వారాలు ఉండాలంటుంది. మన దేశంలో అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో వచ్చిన జాతీయ కమిషన్ చట్టం డిప్లొమాకు కూడా కనీసం 2000 గంటలు, రెండేళ్ల కాలం అంటోంది. 2000 గంటలను 90 రోజుల్లో ముగించాలంటే రోజుకు 22 గంటలు చదవాలి.

మానసిక ఆరోగ్య పాఠాలు అనవసరమన్న మాటకు మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. ఆ పెద్దావిడ సంగతే చూడండి. అమ్మాయి తన నోటుపుస్తకంలో ఇలా రాసుకుంది: “నాలుగు రోజులుగా తల దువ్వుకోలేదు. అందరూ తిన్నాక ఒక్కరే తింటున్నారు. మెతుకులు కింద పడతాయని సిగ్గు.” పాఠం చదివి ఉండబట్టి ఇది కుంగుబాటు కావచ్చని అనుమానించి నాకు చెప్పింది, డాక్టరుకు చూపించాం, మందులు మొదలయ్యాయి. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడింట ఒకరికి కుంగుబాటు వస్తుంది. అది ఉన్నంతకాలం చేతికి ఎంత వ్యాయామం చెప్పినా మనిషి చేయడం కష్టం. ఉద్దానంలో కిడ్నీలు పాడై డయాలసిస్‌కు తిరుగుతున్న రైతును తీసుకోండి. తోటకు వెళ్లే మనిషికి రోజంతా మంచమే మిగిలితే, ఆ ఖాళీ గురించి మాట్లాడడం రాని సహాయకులు ఆయనకు ఏం చేయగలరు?

అసలు ఈ వృత్తి వేళ్లు మానసిక వైద్యశాలల్లోనే ఉన్నాయి. 1917లో అమెరికాలో దీని తొలి జాతీయ సంఘాన్ని స్థాపించినవారిలో ఒకరైన ఎలినార్ క్లార్క్ స్లాగిల్, మానసిక రోగులకు రోజువారీ అలవాట్లను తిరిగి నేర్పే పద్ధతిని తీర్చిదిద్దారు. 1950ల చివర సహాయకుల శిక్షణ మొదలైందీ మానసిక చికిత్స విభాగాల కోసమే. ఇప్పటికీ ఫీల్డ్‌వర్క్‌లో ఒక భాగమైనా మానసిక, సామాజిక అంశాలపై ఉండాలని ఏకోట్ నియమం. ఇక ‘పిచ్చాసుపత్రి’ అన్న మాట. విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు మన జిల్లాల నుంచి బస్సెక్కి వెళ్లేవారు మన అక్కలు, అన్నలే. రేపు ఈ పిల్లలు సేవ చేయాల్సింది వారికే. దయచేసి ఆ మాట వాడకండి.

అమెరికా ఉద్యోగం సంగతి చెప్పడానికి ఎక్కువ లేదు. అక్కడ సహాయకుల ధ్రువీకరణ పరీక్ష రాయాలంటే ఏకోట్ గుర్తింపు ఉన్న కోర్సు పూర్తిచేసి ఉండాలి. వీడియో కోర్సు పత్రం అక్కడ చెల్లదు.

పక్కింటాయనకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఫీజు కట్టే ముందు ఆ నంబరుకు ఫోను చేసి మూడు సంగతులు అడగండి: ఫీల్డ్‌వర్క్ ఏ ఆసుపత్రిలో, ఎన్ని వారాలు, ఏ థెరపిస్టు పర్యవేక్షణలో? ఆయన ఆ సాయంత్రమే అడిగారు. సీట్లు అయిపోతున్నాయి, ముందు డబ్బు పంపండి అన్నారట.